మూడో అంతస్తు దుప్పట్లు

ఆసుపత్రిలో ఎక్కడ ఏ లోటొచ్చినా తిట్లు మాత్రం లాండ్రీకే తగులుతాయి. మంచం మీద దుప్పటి లేకపోతే మేం ఉతకలేదంటారు. ఉంటే, మరకలు పోయేలా ఉతకలేదంటారు. మేముండేది భవనం అడుగున, కిటికీలు సగం నేలలోకి దిగిపోయిన పొడుగాటి గదిలో. బాయిలర్ హోరులో మా మాట పైకి వినిపించదు, మా మొహాలు పైవాళ్ళకు కనిపించవు, అందుకని తిట్టడం తేలిక. నేను ఆ లాండ్రీకి సూపర్‌వైజర్ని. నాకు ముక్కు మీద కోపమని ఇంట్లోనూ పనిలోనూ అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఈ గొడవంతా ఒక టైలరు ఆపరేషన్ ఆగిపోవడంతో మొదలైంది. ఆపరేషన్ అయ్యాక పడుకోబెట్టడానికి, ఉతికిన దుప్పటి పరిచిన మంచం సిద్ధంగా ఉంటేనే రోగిని థియేటర్లోకి తీసుకెళ్ళాలని మా ఆసుపత్రి నియమం. పొద్దుట్నుంచి మంచినీళ్ళు కూడా ముట్టని ఆ మనిషిని థియేటరు తలుపు దాకా తోసుకెళ్ళి, దుప్పటి లేదని మళ్ళీ వెనక్కి తోసుకొచ్చారు. అతని భార్య వరండాలో నిలబడి దొరికినవాళ్ళనల్లా కడిగేసిందట. సూపరింటెండెంటు నన్ను పిలిపించారు. ఆయన కేకలేసే రకం కాదు. కేకలేసి ఉంటే నేనూ నాలుగు వేసేదాన్ని. బల్ల మీద కాగితాలు సర్దుకుంటూ, మా బట్టలన్నీ తాము ఉతికిపెడతామని బయటి కంపెనీ ఒకటి వెంటపడుతోందని మెత్తగా చెప్పారు. దుప్పటి లేక ఇంకొక్క ఆపరేషన్ ఆగిందంటే మా లాండ్రీకి తాళం వేసి వాళ్ళకిచ్చేస్తానన్నారు.

కిందికి దిగి మావాళ్ళను చూశాను. బాయిలర్ దగ్గర ఉండే పెద్దాయన్ని అందరం బాయిలర్ బాబాయి అంటాం. ఆ హోరులో ఉండీ ఉండీ ఆయన చెవులు సగం పోయాయి, ఇంకో చోట ఎవరూ పనివ్వరు. ఇస్త్రీ రోలరు దగ్గర అక్కాచెల్లెళ్ళిద్దరు ఎదురుబొదురుగా నిలబడి దుప్పటి ఒకరు అందిస్తుంటే ఒకరు లాగుతారు. పెళ్ళిళ్ళు కాకముందు నుంచీ అక్కడే ఉన్నారు, ఆ పని తప్ప ఇంకో పని తెలియదు. బండి తోసే బండన్న కొడుకు చదువుకుంటున్నాడు. వీళ్ళకు ఈ సంగతి ఎలా చెప్పాలో తెలియక, ఏమీ చెప్పకుండానే బట్టల గుట్ట మీద విసుక్కున్నాను.

దుప్పట్లు ఎక్కడికి పోతున్నాయో నాకు బాగా తెలుసు. మూడో అంతస్తుకి. అక్కడి మగవాళ్ళ సర్జికల్ వార్డుకి మా వదిన హెడ్ నర్సు. మా ఆయనకు స్వయానా అక్క, ఉండేది కూడా మా ఇంట్లోనే. దాచుకోవడం ఆవిడకు పుట్టుకతో వచ్చిందని నా నమ్మకం. ఇంట్లో అగ్గిపెట్టె ఏదని అడిగితే మూడు చోట్ల నుంచి మూడు తీసి ఇస్తుంది. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆ ఇంట్లో సబ్బు అయిపోయిందన్న మాట వినలేదు. ఆసుపత్రంతా దుప్పట్లకు కటకటలాడుతున్నా ఆవిడ వార్డులో మాత్రం మంచాలన్నీ తెల్లగా మెరుస్తూ ఉంటాయి. అందుకే డాక్టర్లు ఆవిణ్ణి నెత్తిన పెట్టుకుంటారు. మమ్మల్ని తిడతారు.

సూపరింటెండెంటు ముందు కొత్త దుప్పట్లు కొనిపించారు. బేళ్ళకు బేళ్ళు దిగాయి. బేళ్ళ కట్లు కత్తిరించడానికి బండన్న కత్తెర వెతుక్కునేలోపే పైనుంచి నర్సులు దిగిపోయారు. నాలుగు రోజులు తిరిగేసరికి ఆ దుప్పట్లు ఇసుకలో నీళ్ళు ఇంకినట్టు ఇంకిపోయాయి. మళ్ళీ ఫోన్లు, మళ్ళీ తిట్లు. అప్పుడిక నేను ఒంటికాలి మీద లేచాను.

సూపరింటెండెంటు దగ్గర అనుమతి తీసుకుని, ఒక పొద్దున చెప్పాపెట్టకుండా వార్డుల మీద పడ్డాం. మందుల బీరువాల వెనక, స్నానాల గదుల అటకల మీద, పాడైపోయిన యంత్రాల పెట్టెల్లో, ఎక్కడ చెయ్యి పెడితే అక్కడ దుప్పట్లే. రెండో అంతస్తులో ఆడవాళ్ళ సర్జికల్ వార్డు హెడ్ నర్సు నిమిషం తేడా రానివ్వదు కాబట్టి ఆవిణ్ణి గడియారం సిస్టర్ అంటారు. ఆవిడ కుర్చీ మీద మెత్త ఉండాల్సిన చోట దుప్పట్ల మడతలు వేసుకుని కూర్చుంది. మమ్మల్ని చూసి లేవలేదు. పిల్లల వార్డులో ఉండే నవ్వుల సిస్టర్, మా దగ్గర ఏముంటాయమ్మా అని నవ్వుతూనే చెబుతోంది, వెనక తలుపు తీస్తే దొంతర మా కాళ్ళ మీద పడింది. మూడో అంతస్తులో మా వదిన తాళాల గుత్తి పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది. తనే బీరువా తెరిచింది. మొయ్యడానికి మనుషులు చాలతారా అని అడిగి, పక్కకు తప్పుకుంది.

వారం రోజులు మా లాండ్రీ పెళ్ళిల్లులా కళకళలాడింది. మళ్ళీ దాచకుండా నేనొక ఉపాయం కూడా కనిపెట్టాను. ఒకటిస్తే ఒకటి. వార్డు నుంచి మైల దుప్పటి ఒకటి దిగితేనే ఉతికినది ఒకటి ఎక్కుతుంది. ఇక ఎవరూ ఎక్కువ తీసుకోలేరు కదా. సూపరింటెండెంటు బాగుందన్నారు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ రోజు నుంచి ఇంట్లో మా వదిన నాతో మాట్లాడటం మానేసింది. మానేసిందంటే నోరు మూసుకుందని కాదు. అన్నీ పిల్లి మీదా ఎలక మీదా పెట్టి అనేది. కూరలో ఉప్పెక్కువైందని మీ ఆవిడకి చెప్పరా అనే మాట కూడా, నేను పక్కనే కూర్చున్నా, మా ఆయనకే చెప్పేది. ఆయన పాపం రెండు వైపులా తల ఊపి ఊపి మెడ పట్టేసిందని పడుకునేవారు. నేను మాత్రం తక్కువ తిన్నానా, దొంగతనం బయటపడితే ఎవరికైనా కోపమొస్తుందిలెండి అని గోడకు చెప్పేదాన్ని.

అయితే వారం గడిచాక ఏదో తేడాగా కనిపించింది. మూడో అంతస్తులో ఒక రోగి, రోజురోజుకీ తన మంచం ఎత్తు పెరుగుతోందని, దిగాలంటే కాలు అందడం లేదని డాక్టరుతో మొరపెట్టుకున్నాడని విన్నాను. అతని పరుపు కింద ఏం పెరుగుతోందో నాకు వెంటనే అర్థమైంది. అర్థం కానిది వేరే ఉంది. పొద్దున్న పూట మా యంత్రాలు ఖాళీగా తిరగడం మొదలుపెట్టాయి. ఆసుపత్రి నిండా రోగులు, వరండాలో కూడా మంచాలు, అయినా ఉతకడానికి మైల బట్ట లేదు. బాబాయి బాయిలర్ ముందు కూర్చుని కునుకు తీసేవాడు. సాయంత్రం అయిందంటే అన్ని అంతస్తుల నుంచీ ఒక్కసారిగా మూటలు దొర్లుకుంటూ వచ్చేవి. బాయిలర్ అందుకోలేకపోయేది. రోలరు అక్కాచెల్లెళ్ళు ఊపిరి తీసుకోకుండా లాగినా బట్ట పైకెక్కేసరికి బాగా పొద్దుపోయేది. ఫోన్లు మోగుతూనే ఉండేవి. మేం ఎప్పటిలాగే, వస్తున్నాయి సిస్టర్, దారిలో ఉన్నాయి అని చెప్పేవాళ్ళం. లాండ్రీలో చేరినవాళ్ళకి నేను మొదట నేర్పేది ఆ ముక్కే. అవతలివాళ్ళు ఫోను పెట్టేస్తారు, మనం పని చూసుకోవచ్చు.

పనిలో ఇంత గందరగోళం ఉండగా ఒకరోజు ఇంట్లో నేను నోరు జారాను. పైన ఫ్యాన్ల కింద కూర్చునేవాళ్ళకి కిందివాళ్ళ చెమట ఏం తెలుస్తుందన్నాను. మా వదిన చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టి, ఇన్ని రోజుల తర్వాత తిన్నగా నా మొహంలోకి చూసింది.

“రేపు పైకి రా. నా పక్కన ఒక్క డ్యూటీ నిలబడు. ఆ తర్వాత నన్ను దొంగ అను, పడతాను.”

నేనూ పౌరుషానికి పోయాను. మర్నాడు లాండ్రీని బండన్నకు అప్పజెప్పి మూడో అంతస్తు ఎక్కాను.

పొద్దున్నంతా నాకు విసుగే. మధ్యాహ్నం వార్డు వెనక సామాను గదిలోకి వెళితే మూలన నా నడుమెత్తు ప్లాస్టిక్ డ్రమ్ము కనిపించింది. మూత తీశాను. నిండా మైల దుప్పట్లు. వాసనకు కళ్ళు తిరిగాయి. ఉతికిన దుప్పట్లు దాచారంటే అర్థం చేసుకోగలను, మైలవి దాచుకునే పిచ్చివాళ్ళుంటారా అని గట్టిగానే అన్నాను. మా వదిన తలుపు దగ్గర నిలబడి, సాయంత్రం దాకా ఉండు, నీకే తెలుస్తుందంది.

సాయంత్రం ఒక కట్టడం దగ్గర పరంజా కూలిందని నలుగురిని తెచ్చారు. నెత్తురు, సున్నం, ఏడుపులు. పరిచిన దుప్పటి పరిచినట్టే తడిసిపోతోంది, తీసి ఇంకోటి వెయ్యాలి. చిన్న నర్సు డ్రమ్ము దగ్గరికి పరిగెత్తి మైల దుప్పట్లు లాగి మూట కట్టింది. అవి కిందికి తోస్తేనే ఉతికినవి పైకొస్తాయి. నేను పెట్టిన రూలే. పొద్దున్నే మైలవన్నీ పంపేస్తే, సాయంత్రం ఇలాంటివాళ్ళు వచ్చినప్పుడు చేతిలో ఇవ్వడానికి ఏమీ ఉండదు. అందుకని ప్రతి వార్డూ పొద్దంతా డ్రమ్ము నింపుకుని కూర్చుంటోంది. మైల గుడ్డను మా ఆసుపత్రిలో ఎవరూ వదులుకోలేని వస్తువుగా చేసిన ఘనత నాదే.

ఆ చిన్న నర్సు లాండ్రీకి ఫోను చేసింది. అవతల బండన్న గొంతు నాకు వినిపిస్తూనే ఉంది. వస్తున్నాయి సిస్టర్, దారిలో ఉన్నాయి. నేను లిఫ్టు దగ్గర నిలబడి చూశాను. దారిలో ఏమీ లేవు.

అంతా సద్దుమణిగాక సామాను గదిలో బోర్లించిన బకెట్టు మీద కూర్చుండిపోయాను. తప్పెవరిదో పట్టుకుందామని వచ్చినదాన్ని. ఎవరిని పట్టుకోవాలో తెలియలేదు. బండి ఆలస్యమవుతోందని నర్సులు దాస్తున్నారు. బట్టలన్నీ సాయంత్రమే ఒక్కసారి మీద పడుతున్నాయని బండి ఆలస్యమవుతోంది. నర్సులు పగలంతా పట్టి ఉంచుతున్నారని సాయంత్రమే మీద పడుతున్నాయి. ఎక్కడ మొదలుపెట్టి లాగినా తిరిగి తిరిగి అక్కడికే వస్తోంది. నర్సు చేసింది సబబే. బాబాయి చేసింది సబబే. కొత్త దుప్పట్లు కొంటే డ్రమ్ములు నిండాయి. నేను సోదా చేస్తే దాచే చోట్లు మారాయి. అందరం కలిసి లేని కరువును పుట్టించాం, దాన్ని చూసి భయపడి ఇంకాస్త పెంచుతున్నాం. నాకు నవ్వొచ్చింది, మరుక్షణమే ఏడుపొచ్చింది. ఈ చక్రం ఇలాగే తిరిగితే బాబాయి ఉద్యోగం పోతుంది, ఆ అక్కాచెల్లెళ్ళది పోతుంది, నాదీ పోతుంది, తప్పు చేసినవాళ్ళంటూ ఒక్కరూ ఉండరు.

ఆ రోజు ఇంటికి ఇద్దరం కలిసే నడిచాం. దారిలో నేనే మొదలుపెట్టాను. ఒకటిస్తే ఒకటి రూలు తీసేస్తాను. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి బండి పైకొస్తుంది. మైలవి దిగినా దిగకపోయినా ప్రతి వార్డుకీ దాని వాటా ఇచ్చి వెళుతుంది. మీరు మాత్రం మైలవి ఎప్పటికప్పుడు వదిలేయండి, దాచినవి బయట పెట్టండి, మీరు చేస్తే మిగతావాళ్ళు చూసి చేస్తారు అన్నాను. మా వదిన నడక ఆపలేదు. బండి రాని రోజు మంచం మీద ఉండేది నువ్వు కాదు కదా అంది. ఇంకో వీధి దాటాక ఆగింది.

“సరే. కానీ ఒక్క షరతు. రాకపోతే రాదని చెప్పాలి. వస్తున్నాయని మాత్రం చెప్పకు.”

ఇంత చిన్న షరతా అనుకుని వెంటనే ఒప్పేసుకున్నాను.

సూపరింటెండెంటు నా మాటలన్నీ విని, మీ ఇష్టం, నేను చెప్పింది గుర్తుంది కదా అన్నారు. మర్నాడు మా వదిన డ్రమ్ము ఖాళీ చేయించింది. పరుపుల కింద నుంచి మడతలు తీయించి, అన్నీ బయట పెట్టేశానని నా కళ్ళలోకి చూసి చెప్పింది. ఆ ఎత్తు మంచం రోగి నేలకు కాలు ఆనించి సంబరపడ్డాడట. మొదటి వారం నాకు కంటి మీద కునుకు లేదు, ఏ పూట బండి ఆలస్యమవుతుందోనని. పొద్దున్నే మైల బట్ట దిగుతుంటే బాయిలర్ పొద్దున్నే అందుకునేది, మధ్యాహ్నానికి రోలరు మీద బట్ట పరుగులు తీసేది. మూడో అంతస్తు మంచాలకు లోటు రాకపోవడం చూసి గడియారం సిస్టర్ కుర్చీలో కొంచెం కిందికి దిగింది. ఇంకో వారానికి మామూలు మెత్త మీద కూర్చుంది. నవ్వుల సిస్టర్ మాత్రం సగమే వదిలింది. పోనీలెమ్మని ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు కొత్త.

అంతా గాడిలో పడుతోందనుకుంటుండగా బాయిలర్ పగిలింది. మధ్యాహ్నం భోజనాలవేళ గదంతా ఆవిరి కమ్మేసింది. బాబాయి తడిగుడ్డ చుట్టుకుని కవాటాలు కట్టేసి వచ్చి, అరచెయ్యి గోడకు ఆనించి నిలబడ్డాడు. కొత్త భాగం ఊరవతల నుంచి రావాలని, ఇవాళ్టికి దీని పని అయిపోయిందని చెప్పాడు. యంత్రాల్లో బట్టలు సబ్బునీళ్ళలో తేలుతున్నాయి. అప్పటికే పైనుంచి ఫోను మోగుతోంది. బండన్న చెయ్యి ఫోను మీద పెట్టి, వస్తున్నాయనే చెప్పనా అని నా వైపు చూశాడు.

నిజం చెప్పాలంటే ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. రావని చెబితే పైన ఏం జరుగుతుందో నాకు తెలుసు. మళ్ళీ డ్రమ్ములు, మళ్ళీ అటకలు, ఇన్నాళ్ళ కష్టం గంటలో బూడిద. కానీ ఒప్పుకున్నాను కదా. ఫోను లాక్కుని ఒక్కో వార్డుకీ నేనే చేశాను. బాయిలర్ పగిలింది, ఈ పూట బండి రాదు, సాయంత్రం కూడా రాదు. కొందరు తిట్టారు. కొందరు కిమ్మనకుండా పెట్టేశారు. మా వదినకు చెబితే, ఎన్ని మంచాలు ఖాళీ అవుతాయో చూసుకుంటాను అని మాత్రం అంది.

గడియారం సిస్టర్ మాత్రం ఫోను పెట్టలేదు. ఆవిడ వార్డులో ఒకావిడకు కడుపులో గడ్డ తీసే ఆపరేషన్ ఉంది. ఇంజెక్షన్ కూడా ఇచ్చేశారు. మధ్యాహ్నం బండిని నమ్ముకుని ఆవిడ మంచానికి ఏమీ మిగల్చలేదట. థియేటరువాళ్ళు కాసేపు ఆగుతామన్నారు, ఆ తర్వాత ఆపేసి సూపరింటెండెంటుకు కబురు చేస్తామన్నారు. నేను కాలికి బలపం కట్టుకున్నట్టు అంతస్తులన్నీ తిరిగాను. అప్పుడు సోదాకు వెళ్ళిన గుమ్మాల ముందే ఇప్పుడు చేతులు చాచి నిలబడ్డాను. ఎముకల వార్డులో ఉన్నవి పరిచేశామన్నారు. నవ్వుల సిస్టర్, మా దగ్గర ఏముంటాయమ్మా అంది. ఈసారి వెనక తలుపు తీసే హక్కు నాకు లేదు. మెట్ల మీద కూర్చుని, బాబాయికి ఏం చెప్పాలా అని మాటలు వెతుక్కున్నాను. చెవులు సగం పోయిన మనిషికి ఆ మాట గట్టిగా అరిచి చెప్పాలి.

అప్పుడు బండన్న మెట్లు ఎగబాకుతూ వచ్చాడు. గడియారం సిస్టర్ వార్డులో మంచం పరిచేశారట, ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్ళిపోయారట. పరుగున వెళ్ళి చూశాను. మంచం మీద తెల్లటి దుప్పట్లు, పైదీ కిందిదీ. పక్కన బల్ల మీద మందపాటి కాగితం, విప్పిన పురికొస. ఇస్త్రీ మడత నిలువునా ఉంది. మా రోలరు మీద నిలువు మడత మానేసి చాలాకాలమైంది, అంటే ఇవి ఏళ్ళ కిందట దాచినవి. ఎక్కడివని అడిగాను. గడియారం సిస్టర్ వేలితో పైకప్పు చూపించింది. మూడో అంతస్తు.

ఆపరేషన్ ఆగలేదన్న సంతోషం, ఆ మూట చూసిన కోపం రెండూ ఒక్కసారే వచ్చాయి. అన్నీ బయట పెట్టేశానని నా కళ్ళలోకి చూసి చెప్పిన మనిషి! ఇవాళ ఈవిడ సంగతి తేల్చాలనుకుంటూ మెట్లెక్కాను.

మూడో అంతస్తులో సాయంత్రం ఎండ మంచాల మీద ఏటవాలుగా పడుతోంది. తెల్లటి వరసలో రెండు మంచాలు రంగురంగులుగా ఉన్నాయి. ఒకదాని మీద నీలం గళ్ళ దుప్పటి. రెండోదాని మీద పసుపుపచ్చ పువ్వులది. ఆ పువ్వుల మీద కట్టు కట్టిన కాలు చాపుకుని ఒక లారీ డ్రైవరు, ఇది ఆసుపత్రా సత్రమా అని మా వదినను దులిపేస్తున్నాడు. ఆవిడ తల వంచుకుని పరుపు కిందికి అంచులు దోపుతోంది. మంచం పక్కన ఖాళీ సంచి పట్టుకుని మా ఆయన నిలబడి ఉన్నారు. నన్ను చూసి బిక్కమొహం వేశారు. ఆ పసుపుపచ్చ పువ్వులు మా పడగ్గదివి. పొద్దున నేనే పరిచాను.

నేను మా వదినను సామాను గదిలోకి లాక్కెళ్ళాను. ఆ మూట ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారని అడిగాను. చెప్పనంది. సరే, దాచినవాళ్ళు మీ రెండు మంచాలకు వాడుకోవచ్చు కదా, పరాయి వార్డుకి పంపి, ఆ లారీవాడితో ఈ మాటలెందుకు పడుతున్నారు అన్నాను. ఆవిడ అప్పటికి గానీ కూర్చోలేదు.

“వీళ్ళిద్దరూ రేపో ఎల్లుండో ఇంటికెళ్ళేవాళ్ళు. ఇంటి దుప్పటి వేసినా ఫరవాలేదు. కింద ఆవిడకి కోత పెడతారు, మన ఉతుకు బట్టే కావాలి. నువ్వు మధ్యాహ్నమే రాదని చెప్పావు కాబట్టి తమ్ముణ్ణి ఇంటికి పంపడానికి టైముంది.”

ఇంట్లో ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి, చీపుళ్ళూ బకెట్ల మధ్య కూర్చుని చెప్పింది. తను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ముసలావిడ జ్వరంతో వచ్చింది. మంచం మీద దుప్పటి లేదు, వట్టి రెక్సిన్ పరుపు. చలిగా ఉందమ్మా, అంటుకుంటోందమ్మా అని పొద్దుట్నుంచీ అడుగుతూనే ఉంది. లాండ్రీకి ఫోను చేసినప్పుడల్లా వస్తోంది, దారిలో ఉంది అన్నారు. దుప్పటి వచ్చేసరికి అది ఆవిడ మొహం మీదికి కప్పడానికే పనికొచ్చింది.

“ఆవిడ ఎలాగూ బతికేది కాదు, అది నాకు తెలుసు,” అంది మా వదిన. “అప్పుడు మా ఇల్లు ఈ వెనక వీధిలోనే. రాదని ఒక్కమాట చెప్పి ఉంటే పరిగెత్తుకెళ్ళి మా అమ్మ మంచం మీది దుప్పటి లాక్కొచ్చేదాన్ని. దారిలో ఉందన్నారు. అందుకని నిలబడి ఎదురుచూశాను.”

అప్పటికి నేనింకా లాండ్రీలో చేరలేదు. అయినా ఆ ఫోనులో గొంతు నాదేననిపించింది. ఆ తర్వాత ఎన్ని వందలసార్లు చెప్పానో, ఎంతమందికి నేర్పానో! మా వదిన చెయ్యి పట్టుకున్నాను. మా ఇద్దరికీ అలవాటు లేని పని. ఆవిడ విడిపించుకోలేదు.

కాసేపటికి ఆవిడే అడిగింది, పొద్దున బండి వస్తుందా అని. బాబాయి మనిషిని పంపాడని, ఆ భాగం దొరుకుతుందో లేదో తెలియదని, వస్తుందని మాత్రం చెప్పలేనని అన్నాను. ఆవిడ సరేనని లేచి, ముక్కు తుడుచుకుని, లారీ డ్రైవరు ఇంకా పిలుస్తుంటే వార్డులోకి వెళ్ళింది.

నేను కిందికి దిగాను. బాబాయి బాయిలర్ పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. తల అడ్డంగా ఊపాడు. ఆ భాగం రేపు మధ్యాహ్నం దాకా రాదట. ఫోను దగ్గరికి లాక్కుని, మొదట మూడో అంతస్తుకి చేశాను, తర్వాత రెండోదానికి, ఆ తర్వాత మిగతా అందరికీ. పొద్దున బండి రాదు, ఇప్పుడే ఏదో ఒకటి చూసుకోండి అని చెప్పాను.